వాడికి నీ మీద అంత ప్రేమ ఎందుకురా?

2013లో హైదరాబాద్ వచ్చినప్పుడు నాకు మెట్టుగూడలో ఒక్క గది, హైటెక్ సిటీలో ఉద్యోగం. పొద్దున్నే సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కేవాణ్ణి. సీటు దొరికితే సంచిలోంచి బైబిల్ తీసేవాణ్ణి, దొరక్కపోతే ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఫోన్‌లోనే చదివేవాణ్ణి, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ దాటేసరికి రెండు మూడు అధ్యాయాలు అయిపోయేవి. దాన్ని గొప్ప భక్తి అనను. ఊళ్ళో అప్పు ఉంది, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, దేవుడు తప్ప దిక్కు లేదు, అంతే.

ఇప్పుడు నల్లగండ్లలో ఫ్లాట్, కింద పార్కింగ్‌లో కారు. పర్చేజ్ మేనేజర్ని. బైబిల్ కారు డాష్‌బోర్డ్ మీద ఉంటుంది. ఎండకి దాని అట్ట వంకర తిరిగిపోయింది, ఆ సంగతి మొన్న సర్వీసింగ్ కుర్రాడు చెబితే గానీ నేను చూడలేదు.

మా చర్చి సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగం కోసం ఉపవాస ప్రార్థన పెడతాం, వచ్చాక ముందుకు పిలిచి సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, అందరి ముందు చెప్పిస్తాం, చప్పట్లు కొడతాం, ఆ తర్వాత ఆ ఉద్యోగంలో ఆ మనిషి ఏమవుతున్నాడో ఎవరం అడగం. కష్టంలో ఉన్నవాడి కోసం ప్రార్థించడం మనకి బాగా వచ్చు. బాగుపడినవాడి కోసం ప్రార్థించడం ఎందుకో రాదు. 'దేవుడు హెచ్చించాడు బ్రదర్' అనేసి ఊరుకుంటాం.

అసలు విషయానికొస్తా. ఒక దీపావళికి ఒక వెండార్ పంపిన స్వీట్ బాక్స్ అడుగున కవరు ఉంటే, బాక్స్‌తో సహా వెనక్కి పంపేశాను. ఆ ఆదివారం దాన్ని సాక్ష్యంగా కూడా చెప్పాను. పదిహేను నిమిషాలు చెప్పాను. ఇంటికొస్తుంటే మా ఆవిడ, "అందులో దేవుడి మాట ఎక్కడొచ్చింది?" అని అడిగింది. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

కవరు సులువు. అది లంచమని కవరుకే తెలుసు. ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని మొదలయ్యాక వచ్చిందే చిక్కు. మా ఆఫీసులో ఒక ఫ్లోరంతా కొత్తగా చేయించాలి, మూడు కొటేషన్లు నా టేబుల్ మీదున్నాయి. ఆ మూడింటిలో ఒకాయన ఫోన్ చేసి, "సార్, కిచెన్ మేం చేసేస్తాం, మెటీరియల్ ఖర్చు మాత్రం ఇవ్వండి, మీరు మా ఇంటి మనిషి" అన్నాడు. నేను అది లంచం అనుకోలేదు. నిజంగా అనుకోలేదు. లోనుకి పోగా చేతిలో డబ్బు మిగలక నెల రోజులుగా ప్రార్థన చేస్తున్నా కదా, దేవుడు తలుపు తెరిచాడనుకున్నా. పైగా ఎలాగూ తక్కువ రేటు ఆయనదే, ఆర్డర్ ఎలాగూ ఆయనకే పోతుంది, ఇందులో అన్యాయం ఎక్కడుందని లెక్క కూడా వేసుకున్నా. అన్నం తింటూ అమ్మకి సంతోషంగా చెప్పా. అమ్మ పప్పు వడ్డిస్తూ, "వాడికి నీ మీద అంత ప్రేమ ఎందుకురా?" అంది. అంతే, ఇంకో మాట అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్లో ఇశ్రాయేలు రాజు సొలొమోను కథ మళ్ళీ తీశాను. మనం ఆయన పతనం అనగానే 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు అని నవ్వుకుని వదిలేస్తాం. కానీ బైబిల్లోనే, రాజు ఎలా ఉండాలో చెప్పే ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం పక్కన పెట్టుకుని చదవండి. రాజు గుర్రాల్ని ఎక్కువగా పోగేసుకోకూడదు, వాటికోసం ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, మనుషుల్ని పంపకూడదు, భార్యలు ఎక్కువ ఉండకూడదు, వెండి బంగారాలు విస్తారంగా కూడబెట్టకూడదు. సొలొమోను కథ ఉన్న మొదటి రాజుల గ్రంథం 10, 11 అధ్యాయాల్లో వరసగా ఇవే: బంగారం, 1,400 రథాలు, 12,000 మంది రౌతులు, ఐగుప్తు నుంచి గుర్రాలు, చివర్న భార్యలు. ఆ బంగారాన్నీ రథాల్నీ చూసి అప్పట్లో ఎవరైనా అది పాపమని అని ఉంటారా? ఆశీర్వాదం అనే అని ఉంటారు, ఐశ్వర్యం ఇస్తానన్నదీ దేవుడే కదా. దేవుడు రెండుసార్లు కనబడిన మనిషి ఆయన. దేవుడి మందిరం కట్టించడానికి 7 ఏళ్ళు, సొంత ఇంటికి 13 ఏళ్ళు పట్టింది. ఇంటికి ఎక్కువ కాలం పట్టడం తప్పేం కాదనేవాళ్ళూ ఉన్నారు, అది రాజభవనం కదా అని. కావచ్చు. కానీ టైల్స్ ఏరడానికే మూడు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టినవాణ్ణి నేను, నాకు ఆ లెక్క గుచ్చుకుంది.

అన్నలు అమ్మేస్తే ఐగుప్తులో బానిసైన యోసేపు సంగతి వేరు. యజమాని పోతీఫరు భార్య వల వేస్తే ఆమె దగ్గర్నుంచి పారిపోవడం గురించి వంద ప్రసంగాలు విన్నాను. నాకు అంతకన్నా తర్వాతిదే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. 30 ఏళ్ళకి దేశానికి రెండోవాడు, అక్కడి రాజు ఫరో పెట్టిన ఐగుప్తు పేరు, మామగారు ఓను పట్టణపు యాజకుడు. అయినా కొడుకులకి మనష్షే, ఎఫ్రాయిము అని హెబ్రీ పేర్లు పెట్టుకున్నాడు, రెండు పేర్లకీ దేవుణ్ణి తలుచుకునే అర్థం చెప్పాడు. అంత వైభవంలో ఉండి కూడా ఆ దేశాన్ని 'నాకు బాధ కలిగిన దేశం' అన్నాడు. భోజనానికి పిల్లల్ని పిలిచిన ప్రతిసారీ ఆయన నోటి వెంట ఆ మాటలే వచ్చి ఉంటాయి.

మర్నాడు మా బాస్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ కొటేషన్ల పని వేరేవాళ్ళకి ఇమ్మన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. మా కిచెన్ ఒక వడ్రంగి మామూలు ప్లైవుడ్‌తో చేశాడు. ఒక సొరుగు సరిగ్గా పడదు, అమ్మ రోజూ మోకాలితో నెడుతుంది.

అదే 17వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. రాజు సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రానికి, అంటే దేవుడిచ్చిన ఆజ్ఞల గ్రంథానికి, ఒక ప్రతి రాసుకుని, బతికినన్నాళ్ళూ దాన్ని చదవాలట, తన సహోదరుల మీద గర్వించకుండా ఉండటానికి. నేను రాజునేం కాదు గానీ ఒక 200 పేజీల నోట్‌బుక్ కొన్నా. ఆఫీసు నుంచి వచ్చాక కారు ఆపి, పైకి వెళ్ళే ముందు లైటు వేసుకుని పదేసి వచనాలు రాస్తున్నా. వాచ్‌మన్ ఇప్పటికి రెండుసార్లు వచ్చి కారు స్టార్ట్ అవ్వట్లేదా సార్ అని అడిగాడు. ద్వితీయోపదేశకాండం మొదలుపెట్టి నెల రోజులైంది, ఇంకా ఆరో అధ్యాయంలోనే ఉన్నా. నా చేతిరాత ఇంత పాడైపోయిందని ఇప్పుడే తెలిసింది.