బంతి రాకముందే ఆట మొదలవుతుంది: ఫుట్‌బాల్ ట్రయల్స్‌లో ఏం చూడాలి

కోన్‌లు వరసగా పెట్టి, వాటి మధ్య నుంచి బంతిని మెలికలు తిప్పించి, స్టాప్‌వాచ్‌లో వచ్చిన టైము ప్రకారం పేర్లు రాసేయడం. చాలా ట్రయల్స్ ఇలాగే ముగుస్తాయి. కోన్ కాలు అడ్డం పెట్టదు, ఎటు వెళ్దామా అన్న ప్రశ్న వేయదు. ఎదురు లేనప్పుడు బంతి మాట వింటుందా లేదా అన్నది మాత్రమే అక్కడ తెలుస్తుంది. అదీ అవసరమే, కానీ మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది సాధారణంగా మూడు నిమిషాలు కూడా దాటదు. మిగతా సమయమంతా ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూశాడు, ఎప్పుడు కదిలాడు అన్నవే ఆట. పిల్లల్ని ఎంచేటప్పుడు మన కళ్లు వెతకాల్సింది వాటినే.

అందుకు నాకు తెలిసిన మంచి మార్గం నలుగురు నలుగురు ఆడే చిన్న ఆటలు. 16 మంది ఉంటే నాలుగు జట్లు, పక్కపక్కనే రెండు మైదానాలు. ఒక్కోటి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోల్‌పోస్టులు 2 మీటర్ల వెడల్పుతో చిన్నవి చాలు, కీపర్ వద్దు. ఐదు నిమిషాల ఆట, రెండున్నర నిమిషాల విరామం, అలా ఆరు ఆటలు. కీలకం ఏమిటంటే ప్రతి ఆటకీ జట్లు మారిపోవాలి. గెలిస్తే జట్టులోని ప్రతి ఒక్కరికీ 3 పాయింట్లు, సమమైతే 1, ఓడితే సున్నా. జట్లు మారుతూ ఉన్నా ఒకరి ఖాతాలో పాయింట్లు పెరుగుతూనే ఉన్నాయంటే, అన్ని జట్లలోనూ మారకుండా ఉన్నది ఆ పిల్లవాడే కదా. ఆరు ఆటల్లో ఒక్కొక్కరికి మొత్తం 18 సహచర స్థానాలు వస్తాయి, ఉన్న సహచరులు 15 మందే. కాబట్టి ఏ ఇద్దరూ రెండుసార్లకు మించి ఒకే జట్టులో పడకుండా పట్టిక ముందు రోజే రాసుకోవాలి. మైదానంలో నిలబడి అప్పటికప్పుడు పంచితే స్నేహితులు ఒకచోట చేరిపోతారు, లెక్క చెడిపోతుంది.

మైదానం కొలతతో ఆటలాడకండి. 20 మీటర్ల పొడవుకు కుదిస్తే అది తోపులాట అవుతుంది, ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లు గెలుస్తారు. 45 మీటర్లకు సాగదీస్తే పరుగు ఉన్నవాడు బంతిని ముందుకు తన్ని వెంటపడతాడు, మిగిలిన వాళ్ల తెలివి కనబడదు. పదేళ్లలోపు వాళ్లకైతే 25 మీటర్లు, 18 మీటర్లు సరిపోతాయి. బంతి కూడా వయసుకు తగినదే ఉండాలి: ఎనిమిదేళ్లలోపు 3వ సైజు, ఆపైన పన్నెండు వరకు 4, ఆ తర్వాత 5. ఐదో సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలని ఆట నియమం. గాలి బిర్రుగా నింపిన బంతి కాలికి తగలగానే ఎగిరిపోతుంది. అప్పుడు ఫస్ట్ టచ్, అంటే బంతిని అందుకునే మొదటి తాకుడు, బాగోలేదని పిల్లల మీద రాసేస్తాం. తప్పు పంపుది.

ఇక చూసే పద్ధతి. పదికి ఎన్ని అని మార్కులు వేయడం మానేయడం మంచిది. ఒక్క అందమైన గోల్ కొట్టినవాడికి ఆ తర్వాత అన్ని గడుల్లోనూ ఎనిమిదో తొమ్మిదో పడిపోతుంది. డిఫెన్స్‌లో అతను ఏం చేశాడో ఎవరికీ గుర్తుండదు. మార్కులకు బదులు లెక్కపెట్టాలి. ఒక్కో పరిశీలకుడు ఒక ఆటలో ఇద్దరినే చూడాలి. కాగితం మీద నాలుగే గడులు.

మొదటిది చూపు. బంతి అందుకోబోయే ముందు పది సెకన్లలో తల బంతి వైపు నుంచి పక్కకు తిప్పి ఎన్నిసార్లు చూశాడు? నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల మీద చేసిన పని ఇక్కడ ప్రాణం లాంటిది: బంతి అందుకునే ముందు చుట్టూ ఎక్కువసార్లు చూసేవాళ్ల పాస్‌లు, ముఖ్యంగా ముందుకు వేసేవి, ఎక్కువగా చేరాల్సిన చోటికి చేరాయి. అయితే పోల్చేటప్పుడు జాగ్రత్త. మైదానం నడిమధ్యలో ఉన్నవాడికి నాలుగు దిక్కులా ప్రత్యర్థులుంటారు. గీత పక్కన ఆడేవాడికి ఒక వైపు గీతే కాపలా. ఇద్దరి లెక్కలూ ఒకేలా ఉండవు, ఉండనక్కర్లేదు.

రెండోది ఫస్ట్ టచ్. బాగుంది, బాగోలేదు అనకుండా ముందే నిర్వచించుకోండి. తాకిన తర్వాత బంతి ఒక అడుగు దూరంలో ఉండి, దాన్ని సర్దుకోవడానికి మరో టచ్ పడకుండానే తర్వాతి పని చేయగలిగితే టిక్కు. కాలి కిందే ఇరుక్కుంటే సున్నా, ప్రత్యర్థి వైపు పోతే ఇంటూ. మూడోది నిర్ణయం: ముందుకు వేయగలిగిన పాస్ ఉండి కూడా వెనక్కి ఇచ్చాడా, లేనప్పుడు బలవంతంగా ముందుకు తోశాడా? నాలుగోది బంతి పోయాక ఐదు సెకన్లు. వెంటనే తిరిగి వెళ్లాడా, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడ్డాడా? ఈ గడి ఆటగాడి గురించి ఎంతో చెబుతుంది, చాలా షీట్లలో అసలు ఉండదు.

ఇద్దరు కోచ్‌లు ఒకే పిల్లవాణ్ణి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా లెక్కపెట్టి చూడండి. అంకెలు బాగా తేడాగా వస్తే ఇద్దరి బుర్రల్లో రెండు నిర్వచనాలు ఉన్నాయన్నమాట. అది సరిచేసుకున్నాకే ఆ కాగితాన్ని నమ్మాలి.

స్టాప్‌వాచ్‌ను పారేయమనడం లేదు, దాని చోట దాన్ని ఉంచాలి. 30 మీటర్ల పరుగులో 10 మీటర్ల దగ్గర టైము విడిగా తీసుకోండి. ఫుట్‌బాల్‌లో ఎక్కువ పరుగులు చిన్నవే కాబట్టి ఆ మొదటి భాగం విలువైనది. మూడు పరుగులు, మంచిది లెక్కలోకి. చేత్తో నొక్కే వాచ్‌లో సెకనులో ఒకటి రెండు పదోవంతుల పొరపాటు సులువుగా వస్తుంది, కనుక ఇద్దరి మధ్య తేడా అంతకన్నా తక్కువైతే ఇద్దరూ సమానమే. ఓర్పుకు యో-యో పరీక్ష ఉంది: 20 మీటర్లు వెళ్లి తిరిగి రావడం, 5 మీటర్ల చోటులో పది సెకన్ల తేరుకునే నడక, బీప్‌లు వేగం పెంచుకుంటూ పోతాయి, రెండుసార్లు గీత అందుకోలేకపోతే ఆపేయడం. దీన్ని చిన్న ఆటల రోజున పెట్టవద్దు. అలసిన కాళ్లతో ఆడిన ఆట చూసి తెలివి లేదనుకునే ప్రమాదం ఉంది. ఏ పరీక్షైనా పది వారాల తర్వాత అదే నేల మీద, అదే రకం బూట్లతో మళ్లీ పెట్టి, ఆ పిల్లవాడి పాత అంకెతోనే పోల్చాలి.

పోల్చడంలో పెద్ద అన్యాయం జరిగేది ఎదుగుదల దగ్గర. వయసు లెక్కకు జనవరి 1 కటాఫ్ అయితే జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఎంపికైన జాబితాల్లో సంవత్సరం మొదటి నెలల పుట్టినరోజులే ఎక్కువగా కనిపించడం ఎన్నో దేశాల్లో తేలిన విషయం. దాని మీద ఎత్తు పెరిగే ఉప్పెన వచ్చే వయసు వేరు: అమ్మాయిల్లో సగటున పన్నెండు, అబ్బాయిల్లో పద్నాలుగు దరిదాపుల్లో. ఒకే జట్టులోని ఇద్దరు పదమూడేళ్లవాళ్ల శరీరాలకు మధ్య కొన్నేళ్ల దూరం ఉండొచ్చు. అందుకే షీటు పైన పుట్టిన నెల, ప్రతి మూడు నెలలకు కొలిచిన ఎత్తు తప్పక ఉండాలి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు, ఆపైన పెరిగినవాడి టచ్ మొద్దుబారినట్టు కనిపిస్తే కంగారుపడకండి. కాళ్లు పొడవయ్యాయి, మెదడు ఆ కొత్త కొలతకు ఇంకా అలవాటు పడలేదు. ఆ దశలో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గరో మడమ వెనకో నొప్పి అంటే గెంతులు, స్ప్రింట్‌లు తగ్గించాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఓర్చుకో అనడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎంపిక అయ్యాక ఆ కాగితమే శిక్షణ పట్టిక. చూపు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఒక అభ్యాసం చెబుతాను. 10 మీటర్ల దూరం నుంచి ఒకరు పాస్ ఇస్తారు. అందుకునేవాడి వెనక ఐదు మీటర్లలో డిఫెండర్, అతని వెనక రెండు చిన్న గేట్లు, అంటే రెండేసి కోన్‌ల మధ్య సందులు. పాస్ బయల్దేరే క్షణంలో, అందుకునేవాడికి కనబడకుండా, కోచ్ చెయ్యెత్తితే డిఫెండర్ మీదికి వస్తాడు, ఎత్తకపోతే ఆగుతాడు. వస్తే ఒక్క టచ్‌లో వెనక్కి ఇవ్వాలి, రాకపోతే తిరిగి గేటులోంచి పంపాలి. బంతి ప్రయాణంలో ఉండగా భుజం మీదుగా ఒకసారి చూస్తే తప్ప జవాబు దొరకదు. ఎనిమిది బంతులు, తర్వాత మార్పు. రెండు చోట్ల ఇది చెడుతుంది. పాస్ మెల్లగా వస్తే చూడకపోయినా సమయం చాలిపోతుంది, కాబట్టి గట్టిగా కొట్టించాలి. రెండోది, అందుకునేవాడు పాస్ వైపు ఎదురుగా, నిటారుగా నిలబడతాడు. పక్కకు తిరిగి, బంతికి దూరంగా ఉన్న కాలితో అందుకుంటే తిరగడానికి అర టచ్ కలిసొస్తుంది.

గోల్‌కీపర్లను ఈ షీటుతో కొలవకండి, వాళ్లకు నిలబడే చోటు, క్రాస్‌లకు (పక్కల నుంచి గోల్ ముందుకు వేసే బంతులకు) బయటికి రావడం, కాళ్లతో ఇచ్చే పాస్ ఉన్న వేరే కాగితం కావాలి.

పేర్లు మాత్రం ఒక్క రోజులో రాయవద్దు. వేర్వేరు రోజుల్లో మూడు సెషన్‌లు చూశాకే రాయండి. జాబితాలో లేని ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ నాలుగు గడుల్లో బాగున్న ఒక అంకె, పెంచుకోవాల్సిన ఒక అంకె, మళ్లీ చూసే తేదీ చెప్పి పంపండి.