టైమౌట్ పెంచే ముందు చేయాల్సిన లెక్క

లోడ్ టెస్టులో కాఫ్కా కన్స్యూమర్లు (కాఫ్కా అనే మెసేజీల వ్యవస్థ నుంచి మెసేజీలు తీసుకుని, గ్రూపుగా పని పంచుకునే ప్రోగ్రాములు) గ్రూపులోంచి పడిపోతుంటే అందరి చూపూ ముందు సెషన్ టైమౌట్ మీదికే పోతుంది. అంటే హార్ట్‌బీట్ ('బతికే ఉన్నా' అని కన్స్యూమర్ పంపే సంకేతం) రాకపోతే ఎంతసేపు ఆగాలన్న పరిమితి. మా టీమ్‌లోనూ 45 సెకన్లను 90 చేద్దామన్నారు. నేను వద్దన్నాను. 0.10.1 వెర్షన్ నుంచీ జావా క్లయింట్‌లో హార్ట్‌బీట్ పంపే థ్రెడ్ వేరు. మన కోడ్ డేటాబేస్ దగ్గర కాసేపు ఇరుక్కున్నంత మాత్రాన హార్ట్‌బీట్ ఆగదు. అంటే సెషన్ తెగడం వల్ల వచ్చిన గొడవ కాదిది.

చూడాల్సింది మ్యాక్స్ పోల్ ఇంటర్వెల్. పోల్ అంటే కన్స్యూమర్ కాఫ్కాని కొత్త మెసేజీలు అడగడం. డిఫాల్ట్‌గా రెండు పోల్‌ల మధ్య 5 నిమిషాలు దాటకూడదు. ఒక్కో పోల్‌కి 500 మెసేజీల దాకా వస్తాయి. 300 సెకన్లను 500తో భాగిస్తే మెసేజీకి 600 మిల్లీసెకన్లు. లోడ్ తక్కువున్నప్పుడు మాకు అందులో సగం కూడా పట్టేది కాదు. లోడ్ పెంచాక 700 దాకా పోయింది. అంటే బ్యాచ్‌కి 350 సెకన్లు. కన్స్యూమర్ బయటికి, రీబ్యాలెన్స్ (మిగిలిన కన్స్యూమర్ల మధ్య పనిని మళ్లీ పంచడం) మొదలు.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. బ్యాచ్ మొత్తం అయ్యాకే కమిట్ చేస్తాం (అంటే 'ఇక్కడిదాకా అయిపోయింది' అని కాఫ్కాకి చెబుతాం) కాబట్టి ఆ కమిట్ చెల్లదు. అవే మెసేజీలు ఇంకో కన్స్యూమర్‌కి వెళ్తాయి, డేటాబేస్‌లో మళ్లీ రాయబోతాయి, దాంతో అది ఇంకా నెమ్మదిస్తుంది. లోడ్ ఆపేసినా లాగ్ (lag, ఇంకా పూర్తికాని మెసేజీల బకాయి) తగ్గకపోవడానికి కారణం ఇదే.

కమిట్ ఫెయిలైనప్పుడు వచ్చే ఎర్రర్ రెండు దారులు చెబుతుంది: ఇంటర్వెల్ పెంచడం, బ్యాచ్ తగ్గించడం. నా ఓటు ఎప్పుడూ రెండోదానికే. ఇంటర్వెల్‌ని 15 నిమిషాలు చేస్తే, నిజంగా ఎక్కడైనా ఇరుక్కుపోయిన కన్స్యూమర్‌ని కూడా 15 నిమిషాలు భరించాల్సి వస్తుంది. బ్యాచ్‌ని 50కి దించాం. అదే వేగంతో 35 సెకన్లు. రీబ్యాలెన్సులు ఆగిపోయాయి.

కానీ మెసేజీకి 700 ఎందుకు పడుతోందన్న ప్రశ్న అలాగే ఉంది. ఒకే ప్రాసెస్‌లో 24 కన్స్యూమర్ థ్రెడ్లు, హికారి పూల్‌లో (డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచి థ్రెడ్లకి పంచే లైబ్రరీ) మాత్రం డిఫాల్ట్ 10 కనెక్షన్లే. రాయడానికి పట్టేది 290 మిల్లీసెకన్లు, మిగతాదంతా కనెక్షన్ కోసం క్యూలో నిలబడ్డ సమయం. డేటాబేస్ సీపీయూలో ఖాళీ ఉంది కాబట్టి పూల్‌ని 24 చేశాం. మెసేజీకి 300 దరిదాపుల్లోకి వచ్చింది. డేటాబేస్ మీద ఒత్తిడి ఉండి ఉంటే పూల్ జోలికి పోకుండా థ్రెడ్లే తగ్గించేవాళ్లం.

పాత టెస్టుల్లో ఇదేదీ బయటపడలేదు, ఎందుకంటే వాటిలో డేటాబేస్ స్థానంలో వెంటనే జవాబిచ్చే మాక్ (నకిలీ డేటాబేస్) పెట్టారు. ఇప్పుడు దాన్ని తీసేశాం. రెండుసార్లు వచ్చిన ఆర్డర్లు రెండుసార్లు నమోదు కాకుండా టేబుల్‌లో ఆర్డర్ నంబర్ మీద యూనిక్ కీ కూడా పెట్టాం. బ్యాచ్ మధ్యలో ప్రాసెస్‌ని కావాలని చంపి, రెండోసారి వచ్చిన ఆర్డర్లని ఆ కీ పట్టుకుంటుందో లేదో కూడా చూస్తున్నాం.