ఎమ్మెల్యే మీటింగులో విన్నవి, బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్ళ కోసం

మొన్న ఆదివారం మా లేఅవుట్ పక్కన కల్యాణమంటపంలో ఎమ్మెల్యే గారు జనంతో మాట్లాడతారని అపార్ట్‌మెంట్ గ్రూపులో కన్నడలో మెసేజ్ వచ్చింది. మా ఫ్లోర్‌లో ఆరిళ్ళుంటే నాలుగు తెలుగువాళ్ళవే. అన్ని తలుపులూ తట్టాను, చివరికి బయల్దేరింది ఇద్దరం, నేనూ పక్కింటి అత్తా. మిగతావాళ్ళది ఒకటే మాట, "మన ఓటు ఇక్కడ లేదు కదా, మనకెందుకు". నాకు మనసు చివుక్కుమంది. మదనపల్లెలో ఎవరు ఏ పార్టీలోకి దూకారో, ఎవరి టికెట్ ఎవరికి పోయిందో పొద్దున్నే కాఫీ తాగేలోపు మనకి తెలిసిపోతుంది. గేటు ముందు మోరీ పొంగితే ఎవరికి చెప్పాలో మాత్రం తెలియదు. పద్నాలుగేళ్ళుగా పన్ను ఇక్కడే కడుతున్నాం, పిల్లలు ఇక్కడే చదువుతున్నారు, కర్ణాటక విధానసభలో ఉన్న 224 మందిలో ఒకరు మన వీధి తరఫున కూడా కూర్చుంటున్నారు. అలాంటప్పుడు వాళ్ళు అక్కడ ఏ చట్టానికి చెయ్యెత్తారో మనకి తెలియకపోతే నష్టం మనకే. అందుకే అక్కడ విన్నవి, ఇంటికొచ్చి మళ్ళీ సరిచూసుకున్నవి రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. బీబీఎంపీ, అంటే బెంగళూరు మొత్తానికీ ఉన్న ఒక్క నగర కార్పొరేషన్, ఇప్పుడు లేదు. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది, సెప్టెంబరు 2 నుంచి సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు కార్పొరేషన్లయ్యాయి, వాటన్నిటి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దానికి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. పాత 198 వార్డులు పోయి 369 అయ్యాయి, కాబట్టి మీ వార్డు పేరు, హద్దులు మారే ఉంటాయి, ఒకసారి చూసుకోండి. 2015లో గెలిచిన కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరులోనే అయిపోయింది, ఆ తర్వాత ఇది రాసేనాటికి ఎన్నికలు జరగలేదు. వీధి దీపం దగ్గర్నుంచి రోడ్డు గుంత దాకా అన్నీ ఎమ్మెల్యే నెత్తిన పడుతున్నది అందుకే. మీటింగులో సగం టైం వీటికే పోయింది. చట్టాలు చేయాల్సిన మనిషిని చెత్త బండి ఎందుకు రాలేదని అడుగుతున్నాం, అడగక చేసేదేమీ లేదు, వార్డులో ఇంకెవరున్నారు కనుక.

చెత్త మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. 2025 ఏప్రిల్ 1 నుంచి చెత్త రుసుము ఇంటి పన్నుతో కలిపే తీసుకుంటున్నారు. 600 చదరపు అడుగుల లోపు ఇంటికి నెలకి 10 రూపాయలు, వెయ్యి అడుగుల దాకా 50, రెండు వేల దాకా 100, అలా పెరుగుతూ పోతుంది. ఓనర్ మీ దగ్గర "చెత్త డబ్బులు" అని నెలకి మూడు వందలు తీసుకుంటుంటే ఆ లెక్క ఏమిటో మర్యాదగానే అడగండి.

ఇక ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చూపించే కార్పొరేషన్ వారి ఆన్‌లైన్ కాగితం. సొంతిల్లు ఉన్న ప్రతి తెలుగు కుటుంబంలో ఇప్పుడు ఇదే టెన్షన్. 2024 అక్టోబరు నుంచి నగరంలో ఈ-ఖాతా లేనిదే ఆస్తి రిజిస్ట్రేషన్ జరగదు. కావలసినవి సేల్ డీడ్, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే కాగితం), ఇంటి పన్ను నంబరు, కరెంటు మీటరు నంబరు, ఆధార్. వినడానికి సులువే. మన దగ్గర చిక్కు ఎక్కడొస్తుందంటే ఇంటిపేరు దగ్గర. మా పక్కింటి అత్త ప్లాస్టిక్ కవర్‌లో కాగితాలన్నీ పట్టుకొచ్చింది. 1998 నాటి సేల్ డీడ్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, చుక్క పెట్టి వదిలేశారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ముందు. పాన్ కార్డులో అదే ఇంటిపేరు చివర. పేరు మనకి ఒకటే, కంప్యూటరుకి ముగ్గురు మనుషులు. ఇలా కలవకపోతే ఆన్‌లైన్‌లో దానంతట అది పూర్తవదు, రెవిన్యూ ఆఫీసులో మనిషి కాగితాలు చూసి ఒప్పుకోవాలి. అత్త ఇప్పటికే కాళ్ళరిగేలా తిరిగి ఉంది. ఎమ్మెల్యే ఆఫీసు తరఫున వచ్చిన అబ్బాయి దరఖాస్తు నంబరు రాసుకుని, ఏ రోజు ఎవరిని కలవాలో ఆమె కవరు మీదే పెన్నుతో రాసిచ్చాడు. బయటికొచ్చాక ఆ కవరు నాకు రెండుసార్లు చూపించింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ పేరు మీద సైటుంటే ఈ పేర్ల సంగతి ఇప్పుడే చూడండి, అమ్మేటప్పుడో పంచుకునేటప్పుడో కాదు. అనుమతులు సరిగ్గా లేని 'బీ' ఖాతా సైట్లని అన్నీ సక్రమంగా ఉన్న 'ఏ' ఖాతాలోకి మార్చే పథకం 2025 నవంబరు 1న మొదలుపెట్టారు, అప్పుడు దానికి గైడెన్స్ వాల్యూలో (ప్రభుత్వం కట్టిన ధరలో) 5 శాతం కట్టాలన్నారు, గడువుతో పెట్టింది కాబట్టి ఇప్పుడెలా ఉందో కనుక్కోండి. కొనాలనుకునేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి, 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతమైంది, స్టాంపు డ్యూటీకి ఇది అదనం.

వెనక వరసలో డెలివరీ కోటు వేసుకుని ఒక కుర్రాడు నిలబడే ఉన్నాడు. హిందూపురం వైపు అన్నాడు. కన్నడ అర్థమవుతుంది కానీ మైకులో వేగంగా చెబుతుంటే అందట్లేదు, నేనే పక్కన నిలబడి చెవిలో చెబుతూ వచ్చాను. గిగ్ వర్కర్ల, అంటే యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ లాంటి పనులు చేసేవాళ్ళ చట్టం గురించి వచ్చేసరికి ఫోను జేబులో పెట్టేశాడు. ముందు ఆర్డినెన్సుగా వచ్చి, తర్వాత 2025 ఆగస్టులో ఉభయ సభల్లో పాసై చట్టమైంది. యాప్ కంపెనీలు తమ దగ్గర పనిచేసేవాళ్ళ వివరాలు ప్రభుత్వానికిచ్చి రిజిస్టర్ చేయించాలి, ప్రతి వర్కరుకీ ఒక ప్రత్యేక నంబరు వస్తుంది, అది యాప్ మారినా మారదు. ప్రతి ఆర్డరు మీద వర్కరుకిచ్చే డబ్బులో 1 నుంచి 5 శాతం మధ్య రుసుము కంపెనీ సంక్షేమ నిధికి కట్టాలి, కుర్రాడి జేబులోంచి కాదు. అన్నిటికన్నా వాడికి కావాల్సింది ఇంకోటి. ఐడీ తీసేయాలంటే కారణం రాసి 14 రోజుల ముందు చెప్పాలి, కొన్ని సందర్భాలు తప్ప. "అక్కా, నాది రాత్రి పదింటికి పనిచేసింది, పొద్దున లేచేసరికి బ్లాకు, ఎవరూ కారణం చెప్పలేదు" అన్నాడు. ఆ రోజు స్క్రీన్ మీద వచ్చింది ఫొటో తీసుకున్నావా అంటే లేదన్నాడు. దయచేసి ఫొటో తీసుకోండి. కారణం రాసిచ్చారా, ఇవ్వలేదా, అది చూపించగలిగితేనే ఫిర్యాదు నిలబడుతుంది. మీ పీజీల్లో, మీ రూముల్లో ఇలాంటి తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు, ఈ ఒక్క పేరా అయినా వాళ్ళకి పంపండి.

ఆడవాళ్ళకి నెలసరి సెలవు గురించి కూడా అడిగారు. 18 నుంచి 52 ఏళ్ళ మధ్యవాళ్ళకి నెలకి ఒకటి చొప్పున ఏడాదికి 12 రోజులు, జీతంతో, డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇది విధానసభలో పాసైన చట్టం కాదు, 2025 నవంబరులో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు, దాని మీద హైకోర్టులో కేసు కూడా పడింది. మీ హెచ్ఆర్‌ని అడిగేటప్పుడు ఈ తేడా తెలిసి ఉంటే మంచిది. మెస్సులు, షాపులు నడిపేవాళ్ళకి ఒక మాట, బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలన్న నిబంధన 2024 నుంచి చట్టంలోనే ఉంది, తెలుగు పేరు పెట్టుకోండి, కన్నడలో పైన, పెద్దగా రాయించండి.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న విషయం.

మా బిల్డింగులో నాలుగిళ్ళలో పనిచేసే ఒక అక్క ఉంది, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. కూతురి కాన్పుకని వారం వారం కట్టే అప్పు తీసుకుంది. రెండు వారాలు తప్పింది. మూడో వారం ఇద్దరు మనుషులొచ్చి మెట్ల మీద కూర్చున్నారు, పొద్దున్నించి సాయంత్రం దాకా, ఆమె ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి ముందే. వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు పట్టుకుపోయారు. ఇంటి పెద్ద అయిన ఆడవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే గృహలక్ష్మి రెండు వేలు ఆ కార్డు మీదే కదా వస్తాయి. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు, సిగ్గుపడింది, పక్కింటి అత్త చెబితే తెలిసింది.

మీటింగులో చిన్న అప్పుల చట్టం గురించి చెబుతున్నప్పుడు నా కళ్ళ ముందు ఆ మెట్లే ఉన్నాయి. మైక్రో ఫైనాన్సు వేధింపుల మీద 2025 ఫిబ్రవరి 12న ఆర్డినెన్సు వచ్చింది, మార్చిలో సభలో పాసైంది. అప్పులిచ్చేవాళ్ళు జిల్లా కలెక్టరు దగ్గర, ఇక్కడ డీసీ అంటారు, రిజిస్టర్ చేసుకోవాలి. బంగారం, కాగితాలు తాకట్టు పెట్టమనకూడదు. వెంటపడడం, అవమానించడం, రౌడీలని పంపడం, ఇంటి చుట్టూ తిరగడం, ప్రభుత్వ పథకాలకి పనికొచ్చే కార్డులు లాక్కోవడం, ఇవన్నీ నేరాలు. ఆరు నెలల నుంచి పదేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. పోలీసులు "కేసు తీసుకోం" అనడానికి వీల్లేదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేనివాడు పేదవాళ్ళకిచ్చిన అప్పయితే వడ్డీతో సహా తీరిపోయినట్టే లెక్క, చట్టమే అలా చెబుతోంది. బ్యాంకులకీ, ఆర్బీఐ దగ్గర రిజిస్టరైన ఫైనాన్సు కంపెనీలకీ ఇది వర్తించదు, కాబట్టి అప్పిచ్చింది ఎవరో ముందు తేల్చుకోవాలి.

ఆ సాయంత్రమే అక్కని కూర్చోబెట్టి అప్పు కార్డు చూపించమన్నాను. చీర కొంగు ముడి విప్పి తీసింది, నాలుగు మడతలు పెట్టి మెత్తబడిపోయిన పసుపు రంగు అట్ట. పైన వేంకటేశ్వరస్వామి బొమ్మ, కింద ఒక ఫోను నంబరు, గళ్ళలో వారానికొక సంతకం. ముందూ వెనకా తిప్పి చూశాను, రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడా లేదు. కనీసం కంపెనీ పేరైనా లేదు.

"అప్పు తీసుకున్నది నిజమే కదమ్మా, ఎగ్గొట్టినట్టు అవదా" అంది. ఎగ్గొట్టమని నేను చెప్పట్లేదు అక్కా, వాళ్ళు నీ కార్డు తీసుకెళ్ళింది తప్పు, అది ముందు వెనక్కి రావాలి, మిగతాది స్టేషన్‌లో మాట్లాడదాం అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గురువారమైతే రెండిళ్ళే పని, ఆ రోజు వస్తానంది.

ఫిర్యాదు కన్నడలో రాస్తే మేలని, ఎదురింటి వాళ్ళమ్మాయి రాసిపెడుతోంది. ఎనిమిదో తరగతి, ఇక్కడే పుట్టింది, తెలుగులో విని కన్నడలో చకచకా రాస్తుంది. అక్క తేదీలు చెబుతుంటే అది రాస్తోంది. ఇక్కడికి ఓటు మార్చుకోవడానికి ఫారం 8 నేను నిన్న రాత్రి ఆన్‌లైన్‌లో నింపాను, పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరికైనా సాయం కావాలంటే ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, కూర్చుని నింపేద్దాం.