పాపకు జ్వరం వచ్చిన రోజు

"అన్నా, స్టాక్‌హోమ్ బాగుంటుందా, కోపెన్‌హాగనా?" హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే తమ్ముళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఐదేళ్లు స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఉన్నాం. మా ఆవిడకు ఉద్యోగం రావడంతో 2022లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ వచ్చాం. జీతం డెన్మార్క్‌లోనే ఎక్కువ. చలి, చీకటి, పన్నులు రెండుచోట్లా ఉన్నవే. నాకు అసలు తేడా తెలిసింది మాత్రం పాపకు జ్వరం వచ్చిన రోజునే.

స్వీడన్‌లో బిడ్డకు ఒంట్లో బాగోలేక తల్లో తండ్రో పని మానితే దాన్ని 'వాబ్' అంటారు. పొద్దున్నే టీమ్‌కు "ఈరోజు వాబ్" అని మెసేజ్ పెడితే చాలు. ఆ రోజు జీతంలో దాదాపు 80 శాతం, ఒక పరిమితి వరకు, ప్రభుత్వ సామాజిక బీమా నుంచి వస్తుంది. ఒక్కో బిడ్డకు ఏడాదికి 120 రోజుల దాకా తీసుకోవచ్చు. ఫిబ్రవరిలో ఏ ఇంట్లో చూసినా పిల్లలకు జలుబూ జ్వరాలే కాబట్టి ఆ నెలకు 'వాబ్రువారి' అని పేరే పెట్టుకున్నారు. మా మేనేజరూ వాబ్ తీసుకునేవాడు. ఎవరూ మొహం చిట్లించగా నేను చూడలేదు.

డెన్మార్క్‌లో ఉన్నది 'పిల్లల మొదటి జబ్బు రోజు'. జీతంతో ఆ ఒక్క రోజు ఇస్తారు, కొన్ని ఉద్యోగ ఒప్పందాల్లో రెండో రోజు కూడా ఉంటుంది. ఆ తర్వాత సొంత సెలవులు వాడుకోవాలి, లేదా అమ్మమ్మనో నానమ్మనో పిలవాలి. ఇక్కడివాళ్లకు వాళ్లు రైలెక్కితే వచ్చేంత దూరంలో ఉంటారు. మా అమ్మ ఖమ్మంలో ఉంటుంది. మొదటి చలికాలంలో పాపకు నాలుగు రోజులు జ్వరం తగ్గలేదు. నేనూ మా ఆవిడా సగం సగం రోజులు పంచుకున్నాం. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని మీటింగుల్లో మాట్లాడాను. రాత్రి వీడియో కాల్‌లో అమ్మ "నేనొస్తాను, వీసా తీయండి" అంది. విజిటర్ వీసా మీద వచ్చినా 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి.

పాప స్టాక్‌హోమ్‌లోనే పుట్టింది. అక్కడ తల్లిదండ్రులిద్దరికీ కలిపి బిడ్డకు 480 రోజుల సెలవు ఉంటుంది. అందులో చెరో 90 రోజులు రెండోవాళ్లకు బదిలీ చేయడానికి వీల్లేదు. నేను ఆరు నెలలు ఇంట్లో ఉన్నానంటే అమ్మ కంగారుపడింది. "ఏమైంది నాన్నా, ఉద్యోగం ఏమన్నా పోయిందా?" ఆ ఆరు నెలల్లో పాపకు స్నానం, పప్పన్నం, నిద్ర అన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. ఈ రోజుకీ రాత్రి భయమేస్తే "నాన్నా" అనే లేస్తుంది. ఆ దేశానికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

డెన్మార్క్‌నూ తక్కువ చేయను. పసుపు రంగు హెల్త్ కార్డు మీద మన ఫ్యామిలీ డాక్టర్ పేరే ఉంటుంది, చూపించుకుంటే పైసా అడగరు. స్టాక్‌హోమ్‌లో పెద్దవాళ్లు ప్రతిసారీ కొంత ఫీజు కట్టాలి. అక్కడ అద్దె ఇళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. వేరేవాళ్ల పేరు మీదున్న ఫ్లాట్‌లను వాళ్ల దగ్గర మళ్లీ అద్దెకు తీసుకుంటూ మూడు ఇళ్లు మారాం. ఇక్కడ ఇల్లు త్వరగానే దొరికింది, కానీ మూడు నెలల డిపాజిట్‌తో పాటు మూడు నెలల అద్దె ముందే కట్టాం. కారు కొనే ఆలోచనే రాలేదు, రిజిస్ట్రేషన్ పన్ను అంత భారం. ముందు పెట్టె ఉన్న సైకిల్‌లో పాపను కూర్చోబెట్టుకుని వెళ్తుంటే కారు లేని లోటే తెలియదు.

భాష మాత్రం కష్టం. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, డేనిష్‌వాళ్లేమో చివర్లు మింగేస్తారు. స్వీడిష్ చెవికి త్వరగా పట్టుబడింది. ఇంకో దిగులు: స్వీడన్‌లో నాలుగేళ్ల ఉద్యోగం తర్వాత చేతికొచ్చిన పర్మినెంట్ రెసిడెన్సీ వదులుకుని వచ్చాం. ఇక్కడ మామూలుగా ఎనిమిదేళ్లు ఆగాలి.

అందుకే తమ్ముళ్లు అడిగితే ముందు "పిల్లలున్నారా?" అంటాను. లేకపోతే కోపెన్‌హాగన్ రమ్మంటాను. ఉంటే స్టాక్‌హోమ్ వెళ్లమంటాను. అయినా డెన్మార్కే వస్తానంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఆ రెండో జబ్బు రోజు ఉందో లేదో అడగమంటాను.