పల్స్ అందుతోంది కదా అన్నారు

క్రేను ఎత్తిన లోడు గాల్లో ఉన్నంతసేపూ అందరి కళ్లూ పైనే ఉంటాయి. హుక్కు, లోడును పట్టే స్లింగు తాడు, వాటిని కలిపే ఇనుప షాకిలు. నా కాలు నలిగింది మాత్రం లోడు కిందికి దిగి, స్లింగు వదులవుతున్న ఆ రెండు సెకన్లలో.

ప్లేట్లు 6 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు కాబట్టి ఒక్కోటి దాదాపు 850 కిలోలు తూగుతుంది. మూడు కలిపి ఎత్తాం, అంటే రెండున్నర టన్నులు. కింద ప్యాకింగుకు చెక్క దిమ్మెలు పెట్టాం. మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు వచ్చేలా దిమ్మెను నిలబెట్టాం, స్లింగు లాగడానికి కింద సందు ఎక్కువ దొరుకుతుందని. అసలు తప్పు అక్కడే ఉంది. క్రేను హుక్కు ప్లేట్ల బరువుకు సరిగ్గా నడిమధ్యన లేదు, ఒక జానెడు పక్కకు ఉంది. ప్లేట్లు దిమ్మెల మీద ఆనుతూనే ఆ జానెడంతా పక్కకు లాగాయి. నిలబెట్టిన దిమ్మె బోర్లా పడింది. అంచు జారి, పక్కనున్న ప్లేట్ల దొంతరకూ దానికీ మధ్య నా ఎడమ పిక్క ఇరుక్కుంది. దిమ్మె సర్దడానికి ఆ సందులో కాలు పెట్టింది నేనే. స్టీలు టోపీ ఉన్న బూటు వేళ్లకే అడ్డం, ముంగాలు దానికి లెక్కలో లేదు.

దిమ్మెను వెడల్పు కిందికి వచ్చేలా పడుకోబెట్టాలి. ఎత్తు చాలకపోతే అడ్డంగా, నిలువుగా జతలు జతలుగా పేర్చాలి. సర్దడానికి చెయ్యీ కాలూ కాదు, మీటరు పొడవు కర్ర వాడాలి. స్లింగులు కూడా పొట్టివి వాడాం, నేలకు 30 డిగ్రీల కోణంలో ఉన్నాయి. ఆ కోణంలో రెండు స్లింగులున్నా ఒక్కోదాని మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. 60 డిగ్రీలైతే దాదాపు 58 శాతమే. నా కాలికి కారణం అది కాదనుకోండి, అదృష్టం కొద్దీ తెగలేదంతే.

నన్ను బయటికి తీసేటప్పుడు ఇద్దరు గునపాలు పట్టుకొచ్చారు. క్రేను ఆపరేటరు అరిచి ఆపాడు. గునపం జారితే ప్లేటు మళ్లీ అదే కాలి మీదికి వస్తుంది. అతను హుక్కును మధ్యకు తెచ్చి, స్లింగు బిగించి, ప్లేటు అంగుళం లేచినప్పుడల్లా కింద చెక్క దూర్పించాడు. మొత్తం 20 నిమిషాలు. ఇరుక్కున్న టైమూ తీసిన టైమూ ఎవరో అట్టముక్క మీద రాసి నాతోపాటు పంపారు. డాక్టర్లు మొదట అడిగింది అదే. కండ ఎక్కువసేపు నలిగి ఉంటే, వదలగానే అందులోని పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె లయ తప్పిస్తుంది, కండలోని ఎర్రటి పదార్థం మూత్రపిండాల్లో అడ్డుపడుతుంది. గంటలకొద్దీ ఇరుక్కుంటే వీలైనంతవరకు తీయకముందే సెలైన్ మొదలుపెట్టడం అందుకే. నాకూ మూడు రోజులు మూత్రం రంగు చూశారు. టీ డికాక్షన్ రంగు వస్తే వెంటనే చెప్పమన్నారు, రాలేదు.

ఎక్స్‌రేలో ముంగాలి ఎముక రెండు ముక్కలు. చర్మం చీలలేదు. కట్టు కట్టి, నొప్పికి ఇంజెక్షను ఇచ్చారు. గంటన్నరకే ఆ ఇంజెక్షను ఏ మూలకూ చాలలేదు. పిక్క చెక్కలా గట్టిపడింది. నర్సు బొటనవేలు కిందికి వంచిందో లేదో కేక పెట్టాను. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చర్మం మీద గోరుతో గీసినా తెలియలేదు. "పాదంలో పల్స్ అందుతోంది కదా" అన్నారు డ్యూటీలో ఉన్నవాళ్లు. పల్స్ చివరిదాకా అందుతూనే ఉంటుంది. మోకాలి కింద కండలు నాలుగు సంచుల్లో ఉంటాయి, ఆ సంచులు సాగవు. లోపల వాపు పెరిగితే ముందు సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, పెద్ద ధమని కాదు. దెబ్బకు మించిన నొప్పి, వేలు వంచితే ప్రాణం పోయేంత నొప్పి: ఈ రెండే మొదటి గుర్తులు. చల్లబడటం, పాలిపోవడం వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

పెద్ద డాక్టరు వచ్చి కట్టు మొత్తం కోసేయించారు, దిండు తీయించి కాలు గుండె ఎత్తులోనే ఉంచారు. ఇంకా పైకి లేపితే రక్తం అందడం తగ్గుతుందట. కండలోకి సూది గుచ్చి ఒత్తిడి కొలిచారు: 52. నా కింది బీపీ 74. ఆ రెంటి తేడా 30కి తగ్గితే కోయాల్సిందే, నాది 22. ఇరుక్కున్న ఆరో గంటలో పిక్కకు రెండు పక్కలా పొడుగ్గా కోసి నాలుగు సంచులూ తెరిచారు. ఎముకకు బయటి నుంచి పిన్నులూ రాడ్లూ బిగించారు. ముందు సంచిలో కొంత కండ బూడిద రంగుకు తిరిగింది, కరెంటు తాకించినా కదల్లేదట. దాన్ని తీసేశారు.

ఆరో రోజు పిక్క లోపలి పక్క కోత కుట్టారు. బయటి పక్క కోతకు తొడ నుంచి పలుచటి చర్మం తీసి వేశారు, బయటి పిన్నులు తీసి ఎముక లోపలికి రాడ్డు దించారు. అతికించిన చోటు కన్నా చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది, రెండు వారాలు. ముందు కండ తగ్గినందువల్ల పాదం కిందికి వాలిపోతుంటే 90 డిగ్రీల స్ప్లింటు రాత్రింబగళ్లు ఉంచారు. ఒక్క వారం అలక్ష్యం చేస్తే పిక్క కండను మడమకు కలిపే తాడులాంటి బంధం పొట్టిదవుతుంది, దాన్ని సాగదీయడానికి నెలలు పడుతుంది. "సగం బరువు మోపు" అన్న మాట నాకైతే ఎందుకూ పనికిరాలేదు. ఫిజియో బరువు తూచే మిషను తెచ్చి దాని మీద పాదం పెట్టించి 20 కిలోల దగ్గర ఆపమన్నాక అర్థమైంది. రోజూ పొద్దున్నే దాని మీద చూసుకుని, అదే బరువుతో కర్రల మీద నడిచేవాణ్ని. ఆరు వారాలు అలాగే. పూర్తి బరువు నాలుగో నెలలో.

మోకాలిచిప్పకు 10 సెంటీమీటర్ల కింద టేపు చుట్టి రెండు పిక్కలూ కొలుస్తాను. మూడో నెలలో తేడా నాలుగున్నర సెంటీమీటర్లు. ఇప్పుడు రెండు. బొటనవేలు పైకి లేస్తుంది గానీ ఎవరైనా వేలితో ఆపితే ఆగిపోతుంది.