గుండ్రంగా గీస్తే కోడిగుడ్డయింది

"ఇదేంది బిడ్డా, బతుకమ్మ అంటివి, కోడిగుడ్డు లెక్క ఉన్నది?"

ఎంబ్రాయిడరీ మిషన్ ఫ్రేమ్ విప్పగానే అమ్మ అన్న మాట. చూస్తే నిజమే. స్క్రీన్ మీద చక్కటి వృత్తం, గుడ్డ మీదికొచ్చేసరికి రెండు పక్కలా నొక్కుకుపోయింది. ఆకుపచ్చ అంచుకూ లోపలి తంగేడు పసుపుకూ మధ్య బియ్యపు గింజంత సందు. అందులోంచి తెల్ల కాటన్ తొంగి చూస్తోంది.

మూడు రాత్రులు ఇంక్‌స్టిచ్‌లో, అంటే ఎంబ్రాయిడరీ డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్‌లో, కూర్చుని చేసిన డిజైన్ ఇది. కుట్టేటప్పుడు మధ్యలో కరెంటు పోయినా మిషన్ ఆగిన చోటి నుంచే అందుకుంది పాపం. దాని తప్పేం లేదు.

కుట్టు ఏ దిక్కుకు నడిస్తే గుడ్డను ఆ దిక్కుకే లాగుతుంది. నాకు తెలియనిదేం కాదు, తొందర అంతే. పైగా మెత్తటి ముక్క, గుడ్డ ముడుచుకోకుండా కింద పెట్టే పేపర్ ఒకటే పొర.

సాయంత్రం మళ్ళీ కూర్చున్నా. కుట్లు పలచబడి లాగుడు తగ్గాలని, కుట్టు వరసల మధ్య దూరం 0.25 మిల్లీమీటర్లు ఉంటే 0.4 చేశా. వృత్తాన్ని కుట్టు నడిచే వైపు కొంచెం సాగదీశా. ప్రకాశం బజార్‌లో తెచ్చిన పేపర్ ఈసారి రెండు పొరలు. ఇప్పుడు స్క్రీన్ మీద బతుకమ్మ పక్కలకు ఉబ్బి, దవడ వాచినట్టుంది. గుడ్డ మీద మాత్రం గుండ్రంగా వచ్చింది! అంచు దగ్గర ఒక్కచోట ఇంకా వెంట్రుకంత సందు ఉంది, అది నాకే కనిపిస్తుంది లెండి.

అమ్మ మాత్రం ఆ కోడిగుడ్డు ముక్కను పారేయనీయలేదు. పెరుగు గిన్నె మీద కప్పింది.