నాలుగు ఇండికేటర్లు చెప్పినా సాక్ష్యాలు నాలుగు కావు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలు చూసుకునేవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. ఒకే చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) చూసి ఇద్దరు మనుషులు "మేత మిగిలింది" అంటే అది ఒక్క సాక్ష్యమే. ట్రేలో మేత మిగిలి, మీటర్లో ఆక్సిజన్ కూడా తగ్గిందంటే అప్పుడు రెండు. షేర్ల చార్టు ముందు కూర్చునేసరికి మాత్రం చాలామంది ఈ తేడా వదిలేస్తారు. ఆర్ఎస్ఐ (ఈమధ్య పెరుగుదలనీ తగ్గుదలనీ పోల్చి 0 నుంచి 100లో చెప్పే అంకె) కొనమంది, స్టొకాస్టిక్ (ఈమధ్య గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య ఇప్పటి ధర ఎక్కడుందో చెప్పేది) కొనమంది, ధర బోలింజర్ కింది గీతను (సగటు ధరకి కింద గీసే హద్దు) తాకింది, ఇక ఖాయం అనుకుంటారు. ఆ మూడూ చూస్తున్నది ఒకే ట్రేని. ఈమధ్య ధర ఎంత పడిందన్నదే మూడింటి వెనకా ఉన్న సమాచారం.

సిగ్నళ్లను కలపడానికి బేయస్ సూత్రం చాలు, కొత్త సాక్ష్యం దొరికితే మన అంచనా ఎంత మార్చుకోవాలో అది చెబుతుంది. 1763లో అచ్చయిన సూత్రం అది, ఎక్సెల్ షీటులో నాలుగు నిలువు వరసల్లో ఇమిడిపోతుంది. అయితే ముందు ప్రశ్న గట్టిగా రాసుకోవాలి. "షేరు పెరుగుతుందా" అంటే ప్రశ్న కాదు. "రేపు ఉదయం 9:15కి ఓపెన్ ధరలో కొంటే, అయిదో ట్రేడింగ్ రోజు ముగింపుకి కనీసం 1 శాతం పైన ఉంటుందా" అన్నది ప్రశ్న. రేపటి ఓపెన్ అని ఎందుకంటే, ఇవాళ్టి ఆర్ఎస్ఐ 3:30కి మార్కెట్ మూసాక గానీ తేలదు. ఇవాళ్టి ముగింపు ధరకే కొన్నట్టు లెక్క రాస్తే దొరకని ధరకి కొన్నట్టు అవుతుంది. బోనస్ (ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేరుని చిన్న షేర్లుగా విడగొట్టడం) సర్దిన ధరలే వాడాలి. లేకపోతే స్ప్లిట్ రోజున షేరు సగానికి పడిపోయినట్టు కనిపించి ఆర్ఎస్ఐ దొంగ సిగ్నల్ ఇస్తుంది.

లెక్క పద్ధతి కనిపించడానికి ఊహా అంకెలతో చూద్దాం. 1000 రోజుల డేటాలో 400 రోజులు మన ప్రశ్నకి "అవును", 600 రోజులు "కాదు" వచ్చాయనుకోండి. మొదటి ఆడ్స్, అంటే అవునుకీ కాదుకీ ఉన్న నిష్పత్తి, 400కి 600, అంటే 0.667. ఆర్ఎస్ఐ 30 కిందికి దిగిన (కొనమనే సిగ్నల్ ఇచ్చిన) రోజులు అవును వైపు 60, కాదు వైపు 60 ఉన్నాయి. పైపైన చూస్తే సమానమే. కానీ 400లో 60 అంటే 15 శాతం, 600లో 60 అంటే 10 శాతం. దాని బలం 15 భాగించు 10, అంటే 1.5. ఎంఏసీడీ క్రాసోవర్ (రెండు సగటు ధరల తేడా తన సొంత సగటుని పైకి దాటడం) 400లో 72, 600లో 90 సార్లు వచ్చింది, బలం 1.2. వాల్యూమ్ (ఆ రోజు చేతులు మారిన షేర్ల సంఖ్య) తన 20 రోజుల సగటుకి ఒకటిన్నర రెట్లు దాటిన రోజులు 80, 75. బలం 1.6. ఈ లెక్కలన్నిటికీ ఎక్సెల్‌లో షరతులకి సరిపోయే రోజుల్ని లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ ఫార్ములా ఒక్కటే సరిపోతుంది.

మూడూ ఒకే రోజు వస్తే 0.667 × 1.5 × 1.2 × 1.6 = 1.92. ఆడ్స్‌ని సంభావ్యతగా మార్చాలంటే 1.92ని 2.92తో భాగించాలి. సుమారు 66 శాతం.

ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది. సిగ్నల్ రాకపోవడం కూడా సమాచారమే. ఆర్ఎస్ఐ మౌనంగా ఉన్న రోజులు అవును వైపు 85 శాతం, కాదు వైపు 90 శాతం కాబట్టి, ఆ రోజున బలం 1 కాదు, 85 భాగించు 90, అంటే 0.94. వచ్చిన వాటిని మాత్రమే గుణించి రానివాటిని వదిలేస్తే జవాబు ఎప్పుడూ కొనమనే వైపు ఒరుగుతుంది.

ఇప్పుడు స్టొకాస్టిక్‌ని చేరుద్దాం. విడిగా లెక్కేస్తే 400లో 84, 600లో 90, బలం 1.4. కళ్లు మూసుకుని గుణిస్తే ఆడ్స్ 2.69, సంభావ్యత 73 శాతం. దీన్ని నమ్మకండి. ఆర్ఎస్ఐ సిగ్నల్ ఉన్న 120 రోజుల్ని మాత్రమే వడకట్టి, వాటిలో స్టొకాస్టిక్ ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. అవును వైపు 60లో 54, కాదు వైపు 60లో 52 అనుకుంటే బలం 0.900 భాగించు 0.867, సుమారు 1.04. అది కొత్తగా తెచ్చింది దాదాపు ఏమీ లేదు. జవాబు 66 నుంచి 67 దగ్గరికి జరుగుతుంది, అంతే. ఆ 73లో ఆరు శాతం ఒకే మాటను రెండుసార్లు లెక్కపెట్టడం వల్ల వచ్చింది. ఎంఏసీడీ, వాల్యూమ్‌లకి కూడా ఇదే పరీక్ష పెట్టాకే పై 66ని నమ్మాలి. వాల్యూమ్ ధర నుంచి పుట్టింది కాదు కాబట్టి సాధారణంగా అది ఎక్కువ నిలబడుతుంది. ఇండికేటర్లు అయిదారు దాటితే చేత్తో వడకట్టడం కుదరదు. అప్పుడు లాజిస్టిక్ రిగ్రెషన్ (సిగ్నళ్లన్నిటికీ కలిపి ఒకేసారి బరువులు కట్టే గణిత పద్ధతి) వాడాలి, ఒకదానితో ఒకటి అల్లుకున్న సిగ్నళ్లకి అది తనంతట తనే బరువు తగ్గిస్తుంది.

తక్కువసార్లు వచ్చే సిగ్నల్ దగ్గర మరీ జాగ్రత్త. అవును వైపు 3, కాదు వైపు 1 వస్తే బలం 4.5 అని కనిపిస్తుంది. రెండు గడుల్లోనూ ఒక్కొక్కటి కలిపి లెక్కేస్తే 3కి దిగుతుంది. ఒక్క అంకెకే ఇంత కదిలే బలం మీద డబ్బు పెట్టకూడదని నా అభిప్రాయం. పైగా 1000 రోజులంటే 1000 సాక్ష్యాలు కావు. సోమవారం లెక్కా మంగళవారం లెక్కా నాలుగు రోజులు పంచుకుంటాయి. అయిదు రోజుల ప్రశ్నకి నిజంగా విడివిడిగా ఉన్నవి 200 మాత్రమే.

బలాలు లెక్కేసిన రోజుల మీదే పరీక్ష పెడితే అన్నీ బాగానే వస్తాయి. డేటాలో మొదటి 700 రోజులతో బలాలు కట్టి, కనీసం అయిదు రోజులు ఖాళీ వదిలి, మిగతా రోజుల మీద చూడాలి. రోజుల్ని కలగాపులగం చేసి విడగొట్టకూడదు. అక్కడ మన షీటు 60 నుంచి 70 శాతం అన్న రోజుల్ని పక్కకి తీసి, నిజంగా ఎన్ని పెరిగాయో లెక్కపెట్టండి. 52 శాతమే పెరిగితే మీ చేతిలో ఉన్న అంకె 52. ఆర్ఎస్ఐని రూపొందించిన వెల్స్ వైల్డర్ 1978లో దాని లెక్కకి 14 రోజులు పెట్టాడు. ఆ 14ని 9, 11, 17 అని మార్చుకుంటూ పోయి బాగా వచ్చింది ఎంచుకుంటే, ఈ పరీక్షలో మొదట కూలేది అదే.

ఎంత శాతం ఉంటే కొనాలి? పెరిగినప్పుడు సగటు లాభం 2.4 శాతం, లేనప్పుడు సగటు నష్టం 1.8, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ మీద పన్ను), బ్రోకరేజీ, ధరలో జారుడు (అనుకున్న ధరకీ దొరికిన ధరకీ తేడా) కలిపి ఖర్చు 0.3 అనుకుందాం. నష్టం, ఖర్చు కలిపితే 2.1. దాన్ని లాభనష్టాల మొత్తం 4.2తో భాగిస్తే 50 శాతం. అంతకు దిగువన కొంటే సిగ్నల్ ఎంత అందంగా ఉన్నా డబ్బు పోతుంది.

మన జిల్లావాళ్లు ఎక్కువగా చూసే రొయ్యల మేత, ఎగుమతుల షేర్ల విషయంలో ఇంకోటి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. అలాంటి వార్తతో ఆర్ఎస్ఐ 30 కిందికి పడటానికీ, మామూలు రోజుల్లో పడటానికీ అర్థం ఒకటి కాదు. పాత రోజుల్లో కట్టిన 1.5 అక్కడ చెల్లదు. షీటులో "పెద్ద వార్త" అని ఒక నిలువు వరస పెట్టి, ఆ రోజుల్ని విడిగా లెక్కపెట్టండి. అవి పది కూడా లేకపోతే, ఆ రోజులకి ఈ షీటు దగ్గర జవాబు లేనట్టే.